బంగారం లాంటి అంకె

"నూట ఇరవై ఆరు, కింద డెబ్భై," అని చదివి డొరీన్ బి.పి. చేతిపట్టీ విప్పింది. "బంగారం, బాబాయీ! బంగారం లాంటి అంకె!"

లియాండర్ బాబాయి ముఖం వెలిగిపోయింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, పలక మీద మంచి మార్కు పడ్డ పిల్లాడిలా నవ్వాడు. టర్ దీవి నుంచి పొద్దున్నే మొదటి ఫెర్రీకి వచ్చాడు. ఆదివారం చొక్కా వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, స్కానింగ్ బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. దీవి వాళ్ళందరూ ఇలాగే ముస్తాబై వస్తారు. కడుపులో ఏముందో చూపించుకోడానికి ఇస్త్రీ చొక్కా దేనికని డొరీన్ ఎన్నిసార్లు ఏడిపించినా మానరు.

"పొద్దున్నుంచీ నీళ్ళేమైనా తాగారా?"

"ఫెర్రీలో తాగితే దిగేదాకా ఎవరు ఆపుకుంటారు తల్లీ? ఆ మరుగుదొడ్డికి పోయిన సెప్టెంబరు నుంచీ తాళమే."

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా, వేసుకున్నా," అంటూ ఆయన పైకప్పుకేసి చూశాడు.

డొరీన్ ఆయన మోచేతి మడత దగ్గర రెండు వేళ్ళతో నొక్కి నరం పట్టుకుంది. సూది ఒక్క పోటుకే దిగింది. స్కాన్‌లో నాళాలు కనపడేలా ఎక్కించే రంగుమందు సీసా వేడిపెట్టెలోంచి తీసి, అరచేతిలో కాసేపు పట్టుకుని చూసుకుంది. చల్లగా ఎక్కిస్తే నరం ముడుచుకుంటుంది. యంత్రం చూపే వేడి మీద కంటే తన అరచేతి మీదే ఆమెకి నమ్మకం ఎక్కువ. సీసా బిగించి, గొట్టంలో గాలి లేకుండా చూసి, బాబాయి తల కింద దిండు సర్దింది.

"ఇప్పుడు వినండి. మందు వెళ్ళగానే ముందు గొంతులో వేడి. నోట్లో పాత చెంచా నాకినట్టు రుచి. ఆ తర్వాత వేడి కిందికి దిగుతుంది. తడిసిపోయామనిపిస్తుంది. తడవరు. పూచీ నాది."

"తడిస్తే మాత్రం ఎవరికీ చెప్పకు."

"తడిస్తే నోటీసు బోర్డులో పెట్టిస్తా. ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిగబట్టండి, నవ్వకండి."

రంగుమందు ఒంట్లోకి వెళ్ళగానే రక్తనాళాలు ఒక్కసారిగా వదులవుతాయి. ఆ వేడి దానిదే. బి.పి. కాస్త జారుతుంది, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే లేస్తుంది. పెద్దవయసు వాళ్ళకి, ఏళ్ళ తరబడి బి.పి. మాత్రలు మింగుతున్న వాళ్ళకి, లేవడం కొంచెం ఆలస్యమవుతుంది. అందుకే డొరీన్ పద్ధతి డొరీన్‌ది. స్కాన్ అయ్యాక మనిషిని బల్ల అంచున కూర్చోబెట్టి, పాదాల కింద పీట పెట్టి, అయిదు నిమిషాల పాటు సాయంత్రం ఇంట్లో ఏం వండుకుంటారో చెప్పించుకుంటుంది. మాట తడబడకపోతే అప్పుడు లేపుతుంది. దీనివల్ల రోజుకి ఇద్దరు ముగ్గురు తగ్గుతారు. తోటివాళ్ళు ఆమెని 'మన నత్త' అంటారు, అదీ ఆమె ముందే అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె పట్టించుకోలేదు.

లియాండర్ బాబాయికి మందు తర్వాత నూట నాలుగు. కాసేపటికి నూట పది.

"ఏం వంట ఇవాళ?"

"ఉప్పు మాంసం, కాబేజీ, బఠాణీ ముద్ద."

"ఉప్పు మాంసమా! బి.పి. పట్టీ ఇంకా చేతికే ఉంది, నా మొహం మీదే చెప్తున్నారే!"

"అబద్ధమాడితే కళ్ళు తిరుగుతాయేమోనని."

అయిదు నిమిషాలూ అయ్యాయి. ఆయన లేచి నిలబడ్డాడు. డొరీన్ మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. "వదులు తల్లీ. మా పక్కింటి ఎఫీకి తెలిస్తే ఇద్దర్నీ చంపుతుంది." టోపీ పెట్టుకుని నడవాలోకి వెళ్ళాడు. ఆమె బల్ల మీద కొత్త కాగితం పరుస్తుండగా చప్పుడు వినిపించింది. దుప్పట్ల బీరువాకి తల తగిలి, మనిషి గోడవారన జారిన చప్పుడు.

ఆమె పరిగెత్తింది. నుదుటి మీంచి నెత్తురు కారుతోంది. కాళ్ళు ఎత్తి కుర్చీ మీద పెట్టింది, బి.పి. పట్టీ చుట్టింది. ఎనభై నాలుగు. సెలైన్ సీసా వేలాడదీసింది. చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు.

"నేల బాగా తుడుస్తారు మీ ఆసుపత్రిలో," అన్నాడు. "ఇంత దగ్గర్నుంచి ఇప్పుడే చూశా."

నుదుటికి మూడు కుట్లు పడ్డాయి.

*

మధ్యాహ్నం మెలనీ పిలిచింది. మెలనీకి ముప్ఫై నాలుగేళ్ళు. జనవరిలో ఈ విభాగానికి అధికారిగా వచ్చింది. చెడ్డ పిల్ల కాదు. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటుంది. కానీ మనుషుల్ని ముట్టుకునే పని వదిలేసి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ కాగితాలతోనే కాపురం.

"ఇది మూడోది, డొరీన్," అంది. "అక్టోబరు నుంచి ముగ్గురు పడ్డారు. ముగ్గురూ టర్ దీవి వాళ్ళే. ముగ్గురికీ బి.పి. ఉంది. ముగ్గురికీ రంగుమందు ఎక్కించింది మీరే."

బల్ల మీద ఘటన పత్రం ఉంది. 'కారణం' అన్న గడిలో మెలనీ పెన్సిల్‌తో రాసింది: రోగిని తొందరగా లేపడం.

డొరీన్ రెండుసార్లు చదివింది. "తొందరగానా? నేనా? ఈ ఆసుపత్రిలో నన్ను నత్త అంటారు, తెలుసా నీకు?"

"తెలుసు. మరి ఎందుకు పడ్డాడు?"

డొరీన్ పత్రాన్ని బల్ల మీద ఆమె వైపు తోసింది.

"ఒకటి అనుకుంటున్నా," అంది మెలనీ, గొంతు తగ్గించి. "దీవి వాళ్ళలో అరవై అయిదు దాటి, బి.పి. ఉన్నవాళ్ళకి రంగుమందు స్కాన్ ఇక్కడ వద్దు. సెయింట్ జాన్స్ పెద్దాసుపత్రికి పంపిద్దాం. అక్కడ పక్కనే డాక్టర్లుంటారు. గురువారం ఎవరో ఉన్నారుగా... ఎఫీ హైన్స్. ఎనభై ఒకటి. ఆవిడతోనే మొదలెడదాం."

"ఎఫీ పిన్ని సెయింట్ జాన్స్ వెళ్ళదు."

"ఎందుకు వెళ్ళదు?"

"ఫెర్రీ దిగాక అయిదు గంటల ప్రయాణం. ఆవిడ వెళ్ళదంతే. స్కానే మానేస్తుంది. పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బిందని అనుమానం ఆవిడకి. ఆ ఉబ్బు ఎంతుందో చూడాలి. చూడకుండా వదిలేసి, అది పెద్దదైతే ఒకరోజు వంటింట్లో చిట్లుతుంది. ఆ తర్వాత మనం చూసేదేమీ ఉండదు."

మెలనీ పెన్సిల్ బల్ల మీద పెట్టింది. "అయితే నాకో కారణం చూపించండి. బుధవారం సాయంత్రం లోపల. లేకపోతే ఆవిడ కాగితాలు పంపేస్తాను. ఇంకో మనిషి నా చేతుల్లో పడితే నేను తట్టుకోలేను, డొరీన్."

ఆ ఆఖరి మాట నిజాయితీగానే అంది. అందుకే డొరీన్ తిట్టలేకపోయింది.

మంగళవారం పని మధ్యలో, శాండ్‌విచ్ ఒక చేత్తో పట్టుకుని, ఆమె పాత వివరాలు తీసింది. టర్ దీవి వాళ్ళ పేర్లన్నీ ఒక వరసలో పెట్టుకుంది. స్కాన్ రోజున అంకెలు: నూట ఇరవై రెండు, నూట పద్దెనిమిది, నూట ముప్ఫై, నూట ఇరవై ఆరు. ఒక్కొక్కటీ బంగారమే. ప్రతిదానికీ తను ఆ మాట అన్న గుర్తు కూడా ఉంది. తర్వాత ఆ మనుషులే దీవిలో నర్సు దగ్గర చూపించుకున్న అంకెలు తీసింది. నూట డెబ్భై నాలుగు. నూట అరవై ఎనిమిది. నూట ఎనభై రెండు. ఇటువైపు ఊళ్ళ వాళ్ళకి రెండుచోట్లా ఒకేలా ఉన్నాయి. దీవి వాళ్ళు మాత్రం ఆసుపత్రి గుమ్మం తొక్కగానే ఆరోగ్యవంతులైపోతున్నారు. అంత మహత్యం తన గదికి ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

*

బుధవారం డొరీన్‌కి సెలవు. బిస్కట్ల డబ్బా ఒకటి, చేతిసంచిలో బి.పి. పట్టీ ఒకటి పెట్టుకుని ఫెర్రీ ఎక్కింది. జూన్ పొగమంచు, తుంపర, కేప్లిన్ చేపలు ఒడ్డుకొచ్చే వాతావరణం. లియాండర్ బాబాయి ఇంటి వెనక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. టర్ దీవిలో తలుపు తట్టేది పోలీసులూ పాదిరీలూ మాత్రమే.

బాబాయి వంటింటి మంచం మీద కూర్చుని ఉన్నాడు, నుదుటి మీద తెల్లపట్టీతో. పొయ్యి దగ్గర ఎఫీ పిన్ని పెనం మీద రొట్టెముద్దలు తిరగేస్తోంది. ఆయన భార్య పోయిన దగ్గర్నుంచీ పిన్ని ఉదయం ఫలహారం ఇక్కడే చేస్తుంది. ముప్ఫై రెండేళ్ళు దీవి పోస్టాఫీసు నడిపిన మనిషి. పదవి దిగి పదేళ్ళు దాటినా, పొద్దున్నే టపా సంచి వచ్చే వేళకి గల్లా దగ్గర నిలబడకపోతే ఆవిడకి తోచదు. కొత్త పిల్ల ఉత్తరాలు పంచుతుంది, ఎవరి ఉత్తరం ఎక్కణ్ణుంచి వచ్చిందో పిన్ని చెప్తుంది.

"రా పిల్లా, కూర్చో. దెబ్బ తిన్న వీరుణ్ణి చూడ్డానికొచ్చావా?" అంది పిన్ని. "నువ్వు తోశావని ఊళ్ళో చెప్పుకుంటున్నాడు."

"తోసిందనలేదు," అన్నాడు బాబాయి. "ఆపలేదన్నాను."

డబ్బా పాలు పోసిన టీ వచ్చింది. బెల్లప్పాకం లాంటి మొలాసిస్ పోసిన రొట్టెముద్ద వచ్చింది. తిన్నంతసేపూ డొరీన్ ఏమీ అడగలేదు. తిన్నాక వేళ్ళు తుడుచుకుని సంచిలోంచి పట్టీ తీసింది.

"చెయ్యి ఇలా ఇవ్వండి, బాబాయీ."

"ఇక్కడా? టీ తాగే చోటా?"

"ఇక్కడే."

ఆయన పిన్నికేసి చూశాడు. పిన్ని పెనంకేసి చూసింది. డొరీన్ పట్టీ చుట్టి గాలి ఎక్కించింది. పట్టీ బుసబుసమంటూ వదులైంది.

"నూట డెబ్భై ఆరు."

డొరీన్ పట్టీ విప్పి మడిచింది.

"సోమవారం నూట ఇరవై ఆరు. మధ్యలో ఉప్పు మాంసం తిన్నారు, సరే. ఎంత తిన్నా రెండు రోజుల్లో యాభై పెరగదు, బాబాయీ."

ఆయన టోపీ కోసం మంచం మీద వెతికాడు. అది తల మీదే ఉంది. డొరీన్ కళ్ళు కిటికీ గట్టు మీదికి వెళ్ళాయి. అక్కడ వారం మాత్రల పెట్టె ఉంది, ఏడు గడుల ప్లాస్టిక్ పెట్టె. ఆదివారం నాడు నింపుకుంటారు. ఆదివారం, సోమవారం, మంగళవారం గడులు ఖాళీ. బుధవారానిది కూడా ఖాళీ, పొద్దున వేసుకుని ఉంటాడు. గురువారంలో మాత్ర ఉంది. శుక్రవారంలో ఉంది. శనివారం గడి ఖాళీగా ఉంది.

ఆమె లేచి ఆ పెట్టె తెచ్చి టీ కప్పుల మధ్యన పెట్టింది.

"ఇంకా బుధవారమే," అంది. "శనివారం మాత్ర ఎక్కడికెళ్ళింది?"

"అది..." అన్నాడు బాబాయి. "అది సోమవారం వెళ్ళింది."

"రెండు మింగారా?"

"రెండే," అన్నాడు ఆయన, దొంగతనం చిన్నదని చెప్పేవాడిలా. "అక్టోబరులో పడ్డ కార్ల్ మూడు మింగాడు."

డొరీన్ కూర్చుంది. ఒక్కసారిగా అంతా అర్థమైంది. రెండింతల మాత్ర, ఫెర్రీ భయానికి తాగని నీళ్ళు, పరగడుపు. అప్పటికే వదులైపోయిన నాళాల్లోకి తను మెల్లగా, ప్రేమగా, అరచేత్తో వేడి చూసి మరీ ఎక్కించిన రంగుమందు. పడిపోకుండా ఎలా ఉంటారు? ముందు ఒక నిట్టూర్పు వచ్చింది. తన తప్పు కాదు. మెలనీకి చూపించడానికి కారణం దొరికింది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"మీకు బుద్ధుందా? మందుల్తో ఆటలా? ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని?"

"నేనే," అంది ఎఫీ పిన్ని.

ఆవిడ పెనం దించి, చేతులు తుడుచుకుని, వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. "మీ ఆసుపత్రి కవరు నాకు దూరం నుంచే తెలుస్తుంది పిల్లా. కిటికీ ఉన్న నీలం కవరు. అది ఎవరి చేతిలో పడినా చెప్తాను. ఆ రోజు పొద్దున రెండు వేసుకో, మర్చిపోకు అని. మాత్రలు చాలని వాళ్ళకి నేనే అరువిస్తాను. తొమ్మిదేళ్ళయింది."

"ఎందుకు పిన్నీ?"

పిన్ని కప్పులో చెంచా తిప్పింది. అందులో చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

"మా ఆయన అజరయా గుర్తున్నాడా నీకు?"

డొరీన్‌కి గుర్తున్నాడు. పొడుగాటి మనిషి, టోపీ చేత్తో పట్టుకుని మాట్లాడేవాడు. మూడేళ్ళ క్రితం నిద్రలో పోయాడు.

"తొమ్మిదేళ్ళ క్రితం స్కాన్‌కి వచ్చాడు. నూట ఎనభై ఆరు ఉందన్నావు. నూట ఎనభై దాటితే చెయ్యకూడదట, కాగితంలో ఉందట. 'ఇవాళ రెస్టు తీసుకుని రేపు రండి బాబాయీ' అన్నావు. నవ్వుతూనే అన్నావు. అతను హోటల్లో దిగే మనిషి కాదు కదా, బండిలో పడుకున్నాడు. మర్నాడు ఇంకా పెరిగింది. బండిలో పడుకుంటే పెరగదూ? మళ్ళీ పంపించావు. ఆ సాయంత్రం గాలి లేచింది. ఫెర్రీ మూడు రోజులు కదల్లేదు."

"ఆ మూడు రోజులూ..."

"వాళ్ళ చెల్లెలు బ్లాంచ్ మంగళవారం పోయింది. పాతిపెట్టేది శనివారం అనుకున్నారు. అందుకే స్కాన్ అవగానే వచ్చేద్దామనుకున్నాడు. శనివారం అక్కడ రేవులో నిలబడి ఉన్నాడు. మంచు లేకపోతే అక్కణ్ణుంచి మా చర్చి శిఖరం కనపడుతుంది. ఆ రోజు మంచు లేదు."

లియాండర్ బాబాయి ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. బ్లాంచ్ శవపేటిక మోసినవాళ్ళలో ఆయన ఒకడు.

"నాకు చెప్పలేదే," అంది డొరీన్. "చెల్లెలు పోయిందని ఒక్క మాట చెప్పుంటే..."

"నువ్వు బాధపడతావన్నాడు. మంచి పిల్ల, కాగితంలో ఉన్నది చేసింది అన్నాడు. అదే నేనూ అనుకున్నాను. కాగితానికి అంకె కావాలి, అంకె ఇద్దాం అనుకున్నాను. అప్పట్నుంచీ ఎవరూ వెనక్కి రాలేదు. పైగా నువ్వు బంగారం అంటావని మురిసిపోతూ వచ్చేవాళ్ళు. రేపు నాక్కూడా రెండు తీసి పెట్టుకున్నాను."

ఆ రోజు సంగతి డొరీన్‌కి మెల్లమెల్లగా గుర్తొచ్చింది. కాగితంలో ఇంకో వాక్యం కూడా ఉంది. అంకె దాటితే డాక్టరుకి ఫోన్ చేసి అడగాలి. డాక్టరు భోజనానికి వెళ్ళాడు. ఎందుకు కదిలించడమని ఆమె అడగలేదు. రెండో రోజూ అడగలేదు. పెద్దాయన విశ్రాంతి తీసుకుంటే మంచిదే కదా అనుకుంది. మంచి పనే చేశాననుకుని ఇంటికెళ్ళి అన్నం తింది, నిద్రపోయింది.

"రెండు వద్దు పిన్నీ," అంది చివరికి. "ఒక్కటే వేసుకోండి. పొద్దున రెండు గ్లాసుల నీళ్ళు తాగండి. ఫెర్రీ సంగతి నేను చూస్తాను, ఆ తాళం తీయిస్తాను. అది పడ్డాకే మనుషులు పడ్డం మొదలైంది."

"నా అంకె నీకు తెలీదు. నూట తొంభై దగ్గర ఉంటుంది. వెనక్కి పంపిస్తావు."

"పంపించను."

"పోస్టాఫీసులో ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను పిల్లా. కాగితం మాట ఎవరు దాటతారో ఎవరు దాటరో నాకు తెలుసు," అంది పిన్ని. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టే అంది. అందుకే డొరీన్‌కి అది ఇంకా లోతుగా తగిలింది.

తిరుగు ఫెర్రీలో ఆమె మెలనీకి ఫోన్ చేసింది. మాత్రల సంగతి చెప్పింది. "గురువారం పిన్నిని నా దగ్గరే ఉంచు. నువ్వు కూడా గదిలో ఉండు," అంది. అజరయా సంగతి ఫోన్‌లో చెప్పలేకపోయింది.

*

ఎఫీ పిన్ని గురువారం నీలం గౌను, ముత్యాల దండ వేసుకుని వచ్చింది. "ఒక్కటే వేసుకున్నా, రెండు గ్లాసులూ తాగా. నీ మాట చూద్దామని," అంది. లియాండర్ బాబాయి తన పికప్ బండిలో తీసుకొచ్చి, బయట కూర్చోబెడితే కూర్చోక, అదే దుప్పట్ల బీరువా పక్కన కాపలా నిలబడ్డాడు.

మెలనీ చేతులు కడుక్కుని వచ్చింది. పిన్ని ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వెవరి తాలూకా పిల్లవి?"

"మాది ఈ ఊరు కాదండీ. కార్నర్ బ్రూక్."

"కార్నర్ బ్రూక్‌లో ఎవరి తాలూకా?"

"పెన్నీ వాళ్ళం. మా నాన్న కాగితం మిల్లులో చేశారు."

"మిల్లు పెన్నీలా? మీ తాత ఎర్రజుట్టు హారీనా? మా పోస్టాఫీసు నుంచి అతని మేనత్తకి నెలనెలా పొట్లాం వెళ్ళేది," అంది పిన్ని తృప్తిగా. మెలనీ ఇక అక్కడ పరాయిది కాకుండా పోయింది. చేతిపట్టీ ఆమే చుట్టింది. చాలాకాలానికి ముట్టుకోవడం వల్ల కాబోలు, మొదటిసారి పట్టీ తిరగేసి చుట్టింది.

నూట ఎనభై ఎనిమిది.

మెలనీ డొరీన్ వైపు చూసింది. పిన్ని ఇద్దరి వైపూ చూసింది. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తొమ్మిదేళ్ళ నుంచీ ఆ దీవిలో ఎవరూ ఈ గదికి ఇంత నిజమైన అంకె తేలేదు.

"ఎంత?" అంది పిన్ని.

"నూట ఎనభై ఎనిమిది."

"పాడు అంకె. చెప్పానా?"

"మీ అంకే కదా పిన్నీ," అంది డొరీన్. "అరువుది కాదు." గోడ మీది ఫోన్ తీసి డాక్టరుకి చేసింది. అవతల ఆయన ఏదో నములుతూ మాట్లాడాడు. ఎఫీ హైన్స్, ఎనభై ఒకటి, ఒకటే మాత్ర, రెండు గ్లాసుల నీళ్ళు, అని చెప్పింది. వెనక్కి పంపితే ఏమవుతుందో కూడా చెప్పింది. ఆయన నమలడం ఆపాడు. "ఇరవై నిమిషాలు పడుకోబెట్టి మళ్ళీ చూడండి. ఎలా ఉన్నా చేద్దాం, ఈ ఉబ్బుని చూడకుండా కూర్చోలేం. మందు మెల్లగా, సెలైన్ ముందు పెట్టండి. నేను కిందికి వస్తాను," అన్నాడు.

అంతే. నిమిషం కూడా పట్టలేదు. డొరీన్ ఫోన్ కొక్కేనికి పెట్టింది. తొమ్మిదేళ్ళ క్రితం కూడా ఈ ఫోన్ ఇక్కడే ఉంది.

ఇరవై నిమిషాలకి నూట డెబ్భై నాలుగు. డాక్టరు పెదవి మీద రొట్టె పొడితో వచ్చి అద్దం వెనక కూర్చున్నాడు. డొరీన్ సీసా అరచేతిలో పట్టుకుని చూసుకుంది. గొంతు వేడి, చెంచా రుచి, తడిసిన భ్రమ, అన్నీ చెప్పింది. పిన్ని వింటున్నంతసేపూ తల ఊపి, "ఇవన్నీ నాకు తెలుసు, అందరూ వచ్చి నాకే కదా చెప్పేది," అంది.

మందు వెళ్ళింది. మెలనీ పట్టీ మీద చెయ్యి తీయకుండా చదువుతూ ఉంది. నూట నలభై ఆరు. నూట నలభై ఎనిమిది. తర్వాత నూట యాభై తొమ్మిది. జారింది, మళ్ళీ లేచింది, ఎలా లేవాలో అలాగే లేచింది. పిన్నిని బల్ల అంచున కూర్చోబెట్టారు, పాదాల కింద పీట పెట్టారు. అయిదు నిమిషాలు కాదు, పది.

"ఏం వంట ఇవాళ?" అని మెలనీయే అడిగింది.

"చేపా, నానబెట్టిన గట్టిరొట్టే. నీకు ఉడకబెట్టడం వచ్చా, లేక మీ మిల్లు వాళ్ళందరూ కొనుక్కునే బాపతేనా?"

డాక్టరు అద్దం వెనకనుంచి వేళ్ళు చూపించాడు. నాలుగున్నర సెంటీమీటర్లు. కోత అక్కర్లేదు. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకుంటే చాలు. డొరీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోవాలని ఆమె ప్రయత్నించలేదు.

పిన్ని బట్టలు మార్చుకుంటుండగా మెలనీ ఘటన పత్రం తెచ్చింది. పెన్సిల్ రాత చెరిపేసి ఉంది. "రోగి అదనపు మాత్ర వేసుకోవడం వల్ల, అని రాస్తాను. మీ పేరు తీసేస్తున్నాను. నన్ను క్షమించండి."

"నేను రాస్తాను, ఇటివ్వు."

నిలబడే, బల్ల మూలన కాగితం పెట్టుకుని రాసింది. అంకె ఎక్కువున్న దీవి వాళ్ళని మనం డాక్టర్ని అడగకుండా వెనక్కి పంపాం. అందుకని వాళ్ళు తక్కువ అంకె తేవడం నేర్చుకున్నారు. మొదట పంపింది నేను. తేదీ వేసింది, తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. కింద తన పేరు రాసింది. తర్వాత అజరయా సంగతంతా మెలనీకి చెప్పింది, రేవులో నిలబడ్డ శనివారంతో సహా.

మెలనీ ఆ కాగితం చదివింది. "ఇది ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలీదు కూడా. ఇలాగే పంపిస్తే మీ పేరు ఉండిపోతుంది."

"ఉండనీ. సోమవారం నుంచీ ఉంది కదా, ఇప్పుడు సరైన దానికి ఉంటుంది."

 మెలనీ ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు పంపడానికి మడిచి జేబులో పెట్టుకుని, దీవి వాళ్ళని సెయింట్ జాన్స్ పంపాలన్న ప్రతిపాదన తీసి చింపింది.

*

లియాండర్ బాబాయి బండి తలుపు తీసి పట్టుకున్నాడు. తుంపర ఆగింది. ఎఫీ పిన్ని ఎక్కి కూర్చుని ముత్యాల దండ సర్దుకుంది. డొరీన్ బండి అద్దం పట్టుకుని నిలబడింది.

"పిన్నీ, నేను ఆ రోజు నవ్వుతూ పంపించాను."

"అవును పిల్లా. నవ్వుతూనే పంపించావు. అందుకే నీ మీద మాకు కోపం రాలేదు." పిన్ని సీటు బెల్టు లాక్కుని పెట్టుకుంది. "కోపం వచ్చుంటే బాగుండేది. ఆ రోజే వచ్చి నాలుగు తిట్టేదాన్ని. నువ్వు అప్పుడే ఫోన్ చేసేదానివి. లియాండర్ నుదురు పగిలేది కాదు. మంచిదానివని ఊరుకున్నాం, చూడు."

 డొరీన్ అద్దం మీద చెయ్యి తీయలేదు.

"వచ్చే వారానికి మా ఊరి హేజెల్‌కి నీలం కవరు వచ్చింది," అంది పిన్ని, పోస్టాఫీసు గొంతుతో. "దానికేం చెప్పమంటావు?"

"ఒక్కటే వేసుకోమనండి. నీళ్ళు తాగమనండి. అంకె ఎంతున్నా తెమ్మనండి. ఎవరైనా పోయినా, పెళ్ళున్నా, ఫెర్రీ భయమున్నా, అది కూడా నాకు చెప్పమనండి."

"అంకె బాగోకపోతే?"

"బాగోలేదనే చెప్తాను. పంపించను."

పిన్ని తల ఊపింది. బాబాయి ఇంజను స్టార్టు చేశాడు. బండి రెండడుగులు కదిలి ఆగింది. పిన్ని తల బయటికి పెట్టింది.

"అయితే నన్ను ఒక్కదాన్నే అన్యాయం చేశావు. నాకు బంగారం అనలేదు నువ్వు."

నూట ఎనభై ఎనిమిది, అనుకుంది డొరీన్. తొమ్మిదేళ్ళలో ఆ దీవి నుంచి వచ్చిన మొదటి నిజం. బండి దగ్గరికి నడిచి వెళ్ళింది.

"బంగారం, పిన్నీ," అంది. "బంగారం లాంటి అంకె."

 ఎఫీ పిన్ని ఆమె చెయ్యి రెండుసార్లు తట్టి, ఫెర్రీకి ఆలస్యమవుతోందని బాబాయిని కసిరింది.